కొరత ఉన్న చోటికి వెళ్తున్నావు, అమ్మలూ

చి. శ్రావణికి,
చిన తాతయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "బాబాయ్, అది ఆర్మీలో సిగ్నల్స్ దళం, ఆ వైర్‌లెస్ పని వదిలేసి హెలికాప్టర్లు నడుపుతానంటోంది, నువ్వైనా చెప్పు" అంది. ఏం చెప్పమంటావే అంటే "వద్దని చెప్పు" అంది. అరనిమిషం ఆగి "వద్దంటే వినదులే" అని తనే అంది. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. 2021 దాకా ఆర్మీ ఏవియేషన్‌లో, అంటే ఆర్మీ సొంత హెలికాప్టర్ల దళంలో, ఆడపిల్లల్ని పైలట్లుగా తీసుకోనేలేదు. మన ఇంటి పిల్ల ఆ సీట్లో కూర్చుంటుందంటే నా ఛాతీ ఎంత పొంగిందో నీకు తెలీదు. తెల్లారేసరికి ఆ పొంగంతా పోయి భయం మిగిలింది. అందుకే ఈ ఉత్తరం.

ముందు చిన్నవి చెప్పేస్తాను. పైలట్ యాప్టిట్యూడ్ పరీక్ష జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు, తప్పితే మళ్లీ ఛాన్స్ లేదు. నిద్ర చాలకుండా వెళ్లకు. మెడికల్‌లో కాళ్ల పొడవు, కూర్చున్న ఎత్తు కూడా కొలుస్తారు, వాటికి నువ్వు చేసేదేమీ లేదు. మీ సీవోకి, అదే మీ యూనిట్ కమాండింగ్ ఆఫీసర్‌కి, ముందే నోటితో చెప్పు. కాగితం ఆయన బల్లమీదకి వెళ్లాక తెలిస్తే ఏ సీవోకైనా మనసు కష్టపడుతుంది.

ఎయిర్‌ఫోర్స్‌కే మారిపోవచ్చా అని అడిగావట. అమెరికాలో నేవీ వాళ్లూ మెరైన్లూ కూడా వాళ్ల ఆర్మీలో వారంట్ ఆఫీసర్ హోదాలో హెలికాప్టర్ పైలట్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. శిక్షణయ్యాక పదేళ్లు కట్టిపడేస్తారు. మన దగ్గర ఆ దారి అంత తేలిక కాదు. కానీ మా తరం దళం మారకుండానే దళం మారింది. నేను శతఘ్నిదళం నుంచి ఎయిర్ ఓపీకి, అంటే పైనుంచి చూసి ఫిరంగులకి గురి చెప్పే దళానికి, వెళ్లినప్పుడు ఆ స్క్వాడ్రన్లు కాగితం మీద ఎయిర్‌ఫోర్స్‌వి, నడిపేది ఆర్మీ గన్నర్లం. ఆలివ్ గ్రీన్ వేసుకున్న మేమూ, నీలం వేసుకున్న టెక్నీషియన్లూ ఒకే హ్యాంగర్లో టీ తాగేవాళ్లం. 1986 నవంబర్ 1న ఆర్మీ ఏవియేషన్ కోర్ విడిగా ఏర్పడింది. బ్యాడ్జీ మారడానికి ఒక్కరోజు పట్టింది, మనిషి మారడానికి రెండేళ్లు పట్టింది. గన్నర్‌గా నాకో పేరుండేది. హెలికాప్టర్ దగ్గరికి వచ్చేసరికి నాకంటే చిన్నవాడు నా చేతిమీద కొట్టి "సార్, మెల్లగా" అనేవాడు. నీకూ ఆ రోజులు వస్తాయి. పౌరుషపడకు.

ఇప్పుడు అసలు సంగతి. మన దేశంలో పైలట్ల కొరత ఇవాళ్టిది కాదు. ఎయిర్‌ఫోర్స్‌లో 2015లో 486 మంది తక్కువని, 2021 చివరికి అది 596కి పెరిగిందని కాగ్ రిపోర్టే చెప్పింది. మనుషులు తక్కువైన చోట ఏమవుతుందో చెబుతాను విను. ఉన్నవాళ్లే మళ్లీ మళ్లీ ఎగురుతారు. సెలవు వాయిదా పడుతుంది. "ఈ ఒక్క ట్రిప్పూ" అంటారు. అడిగేవాడు చెడ్డవాడు కాదు, అవతల నిజంగానే అవసరం ఉంటుంది. అందుకే "కాదు" అనడం అంత కష్టం.

1988 శీతాకాలం, సియాచిన్. చీతా హెలికాప్టర్. ఒకటే ఇంజను. ఆ ఎత్తులో అది మోసుకెళ్లేది ఒక్కోసారి ఒక్క జెర్రీకేన్ కిరోసిన్, 20 లీటర్లు, అంతే. తెల్లవారుజామున ఆరింటికి ఎంత బరువు మొయ్యొచ్చో లోడ్ లెక్క వేసుకున్నాను. మబ్బు పట్టి బయల్దేరేసరికి ఎనిమిదిన్నర. ఎండెక్కింది. గాలి వేడెక్కితే పలచబడుతుంది, రెక్కలకి పట్టు తగ్గుతుంది. లెక్క మళ్లీ వెయ్యాలి. నేను వెయ్యలేదు. అంతకుముందు మూడు రోజుల్లో నేను సరిగ్గా పడుకున్న రాత్రి లేదు, ఇంకో పైలట్ ఆస్పత్రిలో ఉన్నాడు. పైగా పోస్టు నుంచి రేడియోలో "సార్, స్టవ్ ఆరిపోయి రెండ్రోజులైంది" అన్నారు. ఒక కేను బదులు రెండు ఎక్కించమన్నాను.

హెలిప్యాడ్ అంటే నీకు తెలిసిన హెలిప్యాడ్ కాదు. మంచుమీద పరిచిన పాత పీపాల రేకులు, మన పెరటి అరుగంత. దాని అంచుకి వచ్చేసరికి మిషను కిందికి జారడం మొదలెట్టింది. ఎడమచేతిలో కలెక్టివ్, అదే మిషన్ని పైకి లేపే పిడి, పైకి లాగాను. ఇంజను దగ్గర ఇవ్వడానికి ఇంకేం లేదు. లాగేకొద్దీ రోటర్ చప్పుడు బరువెక్కింది, అలిసిన ఎద్దు ఊపిరిలాగ. మిషను కింది స్కిడ్లు, అదే దాని కాళ్లు, అంచుకి తగిలి పక్కకి జారాయి. కేన్లు దించడానికి ఎదురొచ్చిన కుర్రాడు తోక రోటర్‌కి రెండు బారల దూరంలో ఉన్నాడు. వాడు మంచులో బోర్లా పడిపోవడం చూశాను. తగిలిందో, తనే పడుకున్నాడో తెలీదు. కలెక్టివ్ దించి, ముక్కు లోయవైపు వంచి పడిపోనిచ్చాను. కొన్ని వందల అడుగులు కిందికి వెళ్లాక రోటర్ మళ్లీ వేగం అందుకుంది. నా పక్కసీట్లో ఉన్న కోపైలట్ పిల్లవాడు ఒక్కమాట మాట్లాడలేదు.

కిరోసిన్ వెనక్కి తెచ్చేశాను. ఆ పోస్టు ఇంకో రాత్రి మంట లేకుండా ఉంది. బేస్‌లో దిగాక నా వేళ్లు కలెక్టివ్‌ని వదల్లేదు, ఒక్కొక్కటీ విప్పుకున్నాను. లెక్కలు రాసుకోడానికి మోకాలికి కట్టుకున్న ప్యాడ్ మీద చూస్తే పొద్దున ఆరింటి ఉష్ణోగ్రతే ఉంది, నా చేతిరాతలోనే.

మంచులో పడిన ఆ కుర్రాడు పలాసవాడు. దెబ్బ తగల్లేదు. నెల తర్వాత కిందికి దిగినప్పుడు నా దగ్గరికొచ్చి, "ఆరోజు మీరు మాకోసం చాలా కష్టపడ్డారు సార్" అని సెల్యూట్ చేశాడు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఇన్నేళ్లలో నీకే మొదటిసారి చెబుతున్నాను. మీ అమ్మకి చూపించకు.

ఆ చీతాలు ఇంకా ఎగురుతున్నాయి తల్లీ. నీ చేతికి అవే వస్తాయో, కొత్తరకం ధ్రువ్ హెలికాప్టర్ వస్తుందో తెలీదు. ఏది వచ్చినా ఎండెక్కితే లెక్క మళ్లీ వెయ్యి. నిద్ర లేకపోతే లేదని గట్టిగా చెప్పు. ఆడపిల్ల కాబట్టి తట్టుకోలేకపోతోంది అనుకుంటారేమోనని నువ్వు నోరు నొక్కుకుంటావు, నాకు తెలుసు. నీ చిన్నప్పుడు జ్వరంతోనే పరుగుపందెంలో పరిగెత్తి గీత దగ్గర పడిపోయావు. అప్పుడు నిన్ను మోసుకొచ్చింది నేనే. మొండిదానివి. ఆ మొండితనం "రాను" అనడానికి వాడు.

శిక్షణకి నాసిక్ వెళ్లేముందు సికింద్రాబాద్‌లో ఒకరోజు దిగు. లోడ్ చార్టు పెన్సిల్‌తో వేయడం నేర్పిస్తాను. అవన్నీ కంప్యూటర్ చేస్తుంది తాతయ్యా అనకు. మీ అమ్మకి నేను ఫోన్ చేస్తాను, సరేనన్నానని చెబుతాను.

చిన తాతయ్య