అనుమానం మిగిలిన కేసులో ఉరిశిక్ష: ముందు అప్పీలా, క్షమాభిక్షా?

ప్రశ్న: హత్య కేసులో మా తమ్ముడికి సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది. కళ్లారా చూసిన సాక్షి ఒక్కరూ లేరు. చనిపోయిన ఆమెతో చివరిసారి కనిపించాడని ఒకరు చెప్పారు. వాడు చూపించిన చోట గొలుసు దొరికిందని పోలీసులు అన్నారు. ‘ముందు క్షమాభిక్ష పెట్టుకోండి, ప్రాణమైనా దక్కుతుంది’ అంటున్నారు తెలిసినవాళ్లు. ఏం చేయమంటారు?
– ఓ అక్క, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, క్షమాభిక్ష మాట ఇప్పుడే వద్దు. సెషన్స్ జడ్జి వేసిన ఉరిని హైకోర్టు ఖాయం చేసేదాకా అమలు చేయడానికి వీల్లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ)లో 366, దాని స్థానంలో వచ్చిన కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 407 సెక్షన్ చెప్పేది ఇదే. మీరు అడిగినా అడగకపోయినా రికార్డు మొత్తం అమరావతిలోని హైకోర్టుకు వెళుతుంది. ఇద్దరు జడ్జీలు సాక్ష్యాన్ని మళ్లీ మొదటి నుంచీ చూస్తారు. కావాలంటే అదనపు సాక్ష్యం తీసుకోమనవచ్చు, కేసే కొట్టేయవచ్చు. అయినా మీ తరఫున అప్పీలు విడిగా వేయండి. గడువు 30 రోజులే. తీర్పు కాపీ ఉచితంగా ఇవ్వాలి.

క్షమాభిక్ష శిక్షను తగ్గిస్తుందే గానీ, మీ తమ్ముడి మీద పడ్డ నేరం ముద్రను చెరపదు. 1993 నాటి చిలకలూరిపేట బస్సు దహనం కేసులో ఇద్దరి ఉరిని 1998లో రాష్ట్రపతి యావజ్జీవంగా మార్చారు. ప్రాణాలు దక్కాయి, నేరస్తులన్న తీర్పు మాత్రం అలాగే ఉంది. మీ మాటల్లో వినిపిస్తున్నది ‘వాడు చేయలేదు’ అని. అది చెప్పాల్సిన చోటు అప్పీలు.

చూసినవాళ్లు లేని కేసులో సాక్ష్యం గొలుసులా ఉండాలని, ఒక్క లింకు తెగినా శిక్ష నిలవదని 1984లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కింది కోర్టు, హైకోర్టు రెండూ ఉరి వేసిన మనిషినే ఆ తీర్పులో వదిలేసింది. నేరం రుజువైందని నమ్మినా మనసులో ఎక్కడో అనుమానం మిగిలితే ఉరి వేయకూడదన్న వాదనకూ బలముంది. 2014లో అశోక్ దేబ్‌బర్మా కేసులో సుప్రీంకోర్టు దాన్ని పరిగణించి ఉరిని యావజ్జీవంగా మార్చింది. ఈ వాదన రెండోదిగా ఉండాలి. మొదటిది నిర్దోషి అన్నదే.

పొరపాటు జరగదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మహారాష్ట్ర కేసు ఒకదానిలో 2009లో ఆరుగురికి ఉరి ఖరారు చేసిన సుప్రీంకోర్టే, 2019లో ఆ ఆరుగురూ నిర్దోషులంది. మన ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007లో జరిగిన విద్యార్థిని హత్య కేసే చూడండి. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసిన యువకుణ్ని 2017లో హైకోర్టు నిర్దోషిగా వదిలింది, పరిహారమూ ఇమ్మంది. అతనికి ఉరి పడి అమలైపోయి ఉంటే ఆ పరిహారం ఎవరి చేతికి ఇచ్చేవారు? ఉరిశిక్షే వద్దని నేననేది అందుకే.

ఇక మీ కేసులో అసలు కీలకం ఆ గొలుసు. మధ్యవర్తుల నివేదిక, అంటే గొలుసు దొరికినప్పుడు సాక్షుల ముందు పోలీసులు రాసిన పంచనామా, తెప్పించుకోండి. సంతకం పెట్టిన మధ్యవర్తులు ఆ చోటికి నిజంగా వెళ్లారా, స్టేషన్లోనే సంతకం చేశారా? క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఏమన్నారు? గొలుసుకు సీలు ఎప్పుడు వేశారు? ఆమె మీ తమ్ముడితో కనిపించిందన్న సమయానికీ, ఆమె చావుకూ మధ్య ఎంత వ్యవధి ఉంది? పోస్టుమార్టం రిపోర్టుతో సరిపోల్చండి.

లాయరు ఫీజు కట్టుకోలేకపోతే జైల్లో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం హక్కు. గుంటూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఈసారి ములాఖత్‌కి వెళ్లినప్పుడు, గొలుసు దొరికిందన్న రోజు తనను ఎక్కడెక్కడికి తీసుకెళ్లారో, పక్కన ఎవరెవరున్నారో తమ్ముణ్ని అడిగి కాగితం మీద రాసుకుని లాయరుకు ఇవ్వండి.