రెండేసి వేస్తే గుంపు అవదు

ప్రశ్న: రెండు నెలల క్రితం 60 లీటర్ల అక్వేరియం కొన్నాం. రంగురంగులుగా ఉంటుందని నియాన్ టెట్రాలు, టైగర్ బార్బులు, జీబ్రా డానియోలు, గప్పీలు రెండేసి చొప్పున వేశాం. నియాన్లు ఎప్పుడు చూసినా ఫిల్టర్ వెనకే ఉంటున్నాయి. బార్బులేమో గప్పీల తోకలు కొరికేస్తున్నాయి. పొద్దున్నే చూస్తే నియాన్లు వెలిసిపోయినట్టు ఉంటున్నాయి, జబ్బేమోనని టెన్షన్. శుభ్రతకేం లోటు లేదు, వారం వారం నీళ్లన్నీ మార్చి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తోమి మరీ పెడుతున్నాం. తప్పెక్కడ?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి, రంగు సంగతి జబ్బు కాదు. నియాన్ ఒంటిమీది నీలిగీత రంగు పూసినది కాదు, చర్మంలోని సన్నని స్ఫటికాలు వెలుతురును తిప్పికొడితే కనిపించేది. చీకట్లో అది మందగిస్తుంది, లైటు వేసిన కాసేపటికి మళ్లీ వస్తుంది. పగలంతా కూడా పాలిపోయే ఉండి, ఒంటిమీద తెల్లమచ్చలు వచ్చి, వెన్ను వంకరపోతే మాత్రం దాన్ని వెంటనే వేరే తొట్టిలోకి మార్చండి. నియాన్ టెట్రా జబ్బు అనే ఒకటుంది, దానికి నమ్మకమైన మందు లేదు.

అసలు తప్పు ఆ 'రెండేసి'లో ఉంది. జంట ఉంటే చాలని మనం అనుకుంటాం గానీ ఈ చేపలకు కావలసింది గుంపు. అమెజాన్ ప్రాంతపు వాగుల్లో నియాన్లు పెద్ద గుంపులుగా తిరుగుతాయి, ఎందుకంటే అన్నీ కలిసి ఒక్కసారిగా మలుపు తిరుగుతుంటే తినడానికి వచ్చిన పెద్ద చేపకు ఏ ఒక్కదాన్ని గురిచూడాలో తెలియదు. చుట్టూ తనవాళ్లు లేకపోతే అది ప్రమాదమనే లెక్క, అందుకే మీవి తెలిసినవాళ్లెవరూ లేని ఫంక్షన్‌కి వెళ్లిన మనిషిలా మూల వదలడం లేదు. తక్కువలో తక్కువ ఆరు ఉండాలి, పది ఉంటే చూడ్డానికీ బాగుంటుంది. బార్బుల గొడవా ఇదే, గుంపులో ఉంటే తమలో తాము తరుముకుంటాయి, రెండే ఉంటే ఆ కసంతా పక్కవాటి తోకల మీద. వాటికి గుంపు కట్టేంత చోటు మీ తొట్టిలో లేదు. డానియోలకు కూడా ఈదడానికి ఇంకా పొడవైన తొట్టి కావాలి. రెండు రకాలనీ అమ్మినవాళ్లకో, పెద్ద తొట్టి ఉన్నవాళ్లకో ఇచ్చేయండి.

ఇక శుభ్రత. నిజం చెప్పాలంటే మీరు మరీ శుభ్రంగా ఉంచుతున్నారు. చేపల వ్యర్థాలు, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది, అది చేపలకు విషం. ఒకరకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరొకరకం ఆ నైట్రైట్‌ని అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి ఎక్కువగా ఉండేది మీరు తోముతున్న ఆ స్పాంజిలోనే! కొత్త తొట్టిలో ఇవి నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మీరు ప్రతివారం వాటిని క్లోరిన్ నీళ్లతో కడిగేస్తున్నారు. ఇకనుంచి వారానికి పావువంతు నీళ్లు మారిస్తే చాలు, స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. కొత్తగా పోసే నీళ్లలో క్లోరిన్ పోగొట్టే చుక్కలు వేయండి. ఒకరోజు నిల్వ ఉంచితే క్లోరిన్ పోవచ్చు గానీ, క్లోరిన్‌కి బదులు క్లోరమిన్ అనే మందు కలిపిన నీళ్లయితే ఆ చిట్కా పనిచేయదు.

కొత్త నియాన్లను అప్పుడే తేకండి. టెస్ట్ కిట్‌తో చూసి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యాక, మూడు నాలుగు చొప్పున, మధ్యలో వారం పది రోజులు ఆగుతూ వేయండి.

ప్రశ్న: నియాన్లని చెప్పి ఇస్తున్నవి కార్డినల్ టెట్రాలేమో అని అనుమానం. ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: ఎర్రగీత చూడండి. నియాన్‌కి అది నడుము దగ్గర మొదలై తోకవైపు పోతుంది, కార్డినల్‌కి తల వెనకనుంచి తోకదాకా ఉంటుంది. కార్డినళ్లు కొంచెం వెచ్చని నీళ్లు కోరుకుంటాయి. 25 డిగ్రీల దగ్గర రెండూ కలిసి ఉండగలవు, ఒక్కోసారి కలిసే తిరుగుతాయి కూడా.