ఫెరో, తులీ, లాతుమ్: ఒకే క్రియలో వేర్వేరు ధాతువులు

ప్రశ్న: నేను బీఎస్సీలో వృక్షశాస్త్రం చదువుతున్నాను. మామిడి, కొబ్బరి, మునగ చెట్ల శాస్త్రీయ నామాలలో కనిపించే ‘ఫెరా’ అన్న భాగం ‘ఫెరో’ అనే లాటిన్ క్రియ నుంచి వచ్చిందని తెలిసింది. నిఘంటువులో మాత్రం ‘ఫెరో, ఫెర్రె, తులీ, లాతుమ్’ అని ఉంది. పోలికే లేని ఈ రూపాలన్నీ ఒకే క్రియవి ఎలా అవుతాయి?
– ఒక విద్యార్థిని, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ‘ఫెరో’ అంటే ‘మోస్తాను’ అని మొదటి అర్థం. తెచ్చుట, ఓర్చుకొనుట, చెట్టు కాయలు కాయుట కూడా దాని అర్థాలే. ‘ఫెరుంత్’ అన్న బహువచన రూపానికి ‘అని చెప్పుకుంటారు’ అనే అర్థం కూడా ఉంది. మీరు చూసిన పేర్లలో ఉన్నది కాయుట, కలిగి ఉండుట అన్న అర్థం: ‘మాంగిఫెరా’ మామిడిని కాసేది, కొబ్బరి పేరులోని ‘నూసిఫెరా’ గట్టి పెంకు కాయను కాసేది, మునగ పేరులోని ‘ఓలీఫెరా’ నూనెనిచ్చేది. మన భీమిలి దారిలో కనిపించే తాటిచెట్టుకు స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో పెట్టిన ‘బొరాసస్ ఫ్లాబెల్లిఫెర్’ అన్న పేరులో రెండో పదానికి ‘విసనకర్రలను మోసేది’ అని అర్థం. తాటాకును ఒక్కసారి విప్పి చూసినవారికి ఆ పేరు ఎంత చక్కగా అతికిందో వేరే చెప్పనక్కరలేదు. ‘ఫెర్’ పుంలింగ రూపం, ‘ఫెరా’ స్త్రీలింగ రూపం.

ఇక రూపాల సంగతి. ‘ఫెర్రె’ అంటే ‘మోయుట’. వర్తమానంలో ఫెరో, ఫెర్స్, ఫెర్త్, ఫెరిముస్, ఫెర్తిస్, ఫెరుంత్ అని నడుస్తుంది. ‘పాలించు’ అనే అర్థమున్న ‘రెగో’ క్రియకు రెగిస్, రెగిత్ అని వచ్చే చోట ఇక్కడ నడిమి ‘ఇ’ ఉండదు. విద్యార్థులు తడబడేది అక్కడే. భూతకాలానికి వచ్చేసరికి ధాతువే మారిపోయి తులీ, తులిస్తీ, తులిత్ అవుతుంది. ఇది వింతేమీ కాదు. సంస్కృతంలో ‘చూచు’ అనే అర్థమున్న ‘దృశ్’ ధాతువుకు వర్తమానంలో ‘పశ్యతి’ అని రావడం మీరు ఇంటర్మీడియట్‌లో చదివే ఉంటారు. వేర్వేరు ధాతువులు ఒకదాని లోటును మరొకటి పూరించి ఒకే క్రియగా స్థిరపడ్డాయి. ‘ఫెర్’ సంస్కృత ‘భృ’ ధాతువుకు తోబుట్టువు. మనం వాడే భారం, భరించు అన్న మాటలు ఆ ‘భృ’ నుంచి వచ్చినవే. ఎత్తుట అనే అర్థమున్న ‘తుల్’ ధాతువు మన ‘తుల’కు, అంటే త్రాసుకు, బంధువు. క్రియ నుంచి ఏర్పడే నామరూపమైన ‘లాతుమ్’ కూడా ఈ రెండో ధాతువు నుంచే పుట్టింది. మొదట్లో ఉన్న ‘త’కారం లోపించడం వల్ల ఆ చుట్టరికం పైకి కనబడదు.

కాబట్టి ఈ నాలుగు రూపాలనూ కలిపి కంఠస్థం చేయండి. ట్రాన్స్‌ఫర్, ట్రాన్స్‌లేట్ అన్న ఇంగ్లీషు మాటలు రెండూ ఈ ఒక్క క్రియకు ఒకే ఉపసర్గ చేరగా వచ్చినవే; మొదటిది ‘ఫెరో’ నుంచి, రెండవది ‘లాతుమ్’ నుంచి పుట్టింది.