వీఆర్‌లో విమానం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. పీసీ లేకుండా సొంతంగా పనిచేసే, మెటా కంపెనీ క్వెస్ట్ లాంటి వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ ఇంట్లో ఉంది, పీసీలో ఫ్లైట్ సిమ్యులేటర్ ఉంది, ఈ రెంటినీ కలపడం ఎలా అని. మిగతావన్నీ వచ్చే సంచికకు ఉంచి ఈసారి వీటికే చోటిచ్చాం.

ప్రశ్న (విజయవాడ నుంచి): డల్లాస్‌లో ఉండే మా అన్నయ్య వస్తూ వస్తూ క్వెస్ట్ 3 తెచ్చిచ్చాడు. నా పీసీలో ఆర్‌టీఎక్స్ 4070 కార్డు, 32 జీబీ ర్యామ్ ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ మానిటర్ మీద అన్నీ అల్ట్రాలో పెట్టినా హాయిగా నడుస్తుంది. కేబుల్ పెట్టి వీఆర్‌లోకి వెళ్తే మాత్రం బొమ్మ కొట్టుకుంటోంది, తల తిప్పితే అంచుల్లో నల్లగా వస్తోంది, మీటర్ల మీద అంకెలు మసకగా ఉన్నాయి. మూడు రోజులుగా గ్రాఫిక్స్ సెట్టింగులు మారుస్తూనే ఉన్నాను. కార్డు చాలదా?

జవాబు: కార్డు చాలు. గ్రాఫిక్స్ సెట్టింగులు ఆఖర్న ముట్టుకోవాల్సినవి, మీరు వాటితో మొదలుపెట్టారు, అందుకే మూడు రోజులూ వృథా అయ్యాయి.

ముందు ఒక విషయం తెలిస్తే మిగతాది సులువు. క్వెస్ట్‌కి మానిటర్‌లా డిస్‌ప్లేపోర్ట్ గానీ హెచ్‌డీఎంఐ గానీ లేదు. మీరు పెట్టిన లింక్ కేబుల్ వీడియో కేబుల్ కాదు, మామూలు యూఎస్‌బీ డేటా కేబుల్. సిమ్యులేటర్ గీసిన ప్రతి ఫ్రేమ్‌నీ మీ గ్రాఫిక్స్ కార్డు అప్పటికప్పుడు వీడియోగా కుదించి ఆ కేబుల్లో పంపిస్తుంది, హెడ్‌సెట్‌లోని చిప్పు దాన్ని విప్పి తెర మీద వేస్తుంది. ఈ దారిలో ఎక్కడ ఇరుకున్నా మీకు కనిపించేది అదే మసక, అదే కుదుపు. సిమ్యులేటర్‌లో మేఘాలు తగ్గించినంత మాత్రాన కేబుల్ బాగుపడదు కదా.

కాబట్టి ముందు కేబుల్ చూడండి. పీసీలోని మెటా లింక్ యాప్‌లో డివైజెస్‌లోకి వెళ్తే మీ హెడ్‌సెట్ పేరు కింద యూఎస్‌బీ టెస్ట్ అని ఉంటుంది. అక్కడ సెకనుకు 2 గిగాబిట్లు లేదా అంతకన్నా ఎక్కువ చూపిస్తే యూఎస్‌బీ 3 దారి దొరికినట్టే. మూడు నాలుగు వందల మెగాబిట్ల దగ్గర ఆగిపోతే మీ కేబుల్ గానీ పోర్టు గానీ యూఎస్‌బీ 2 లెక్కలో పనిచేస్తోందన్నమాట. ఫోన్ ఛార్జర్‌తో వచ్చే టైప్ సీ కేబుల్ చాలావరకు ఇలాంటిదే, చూడ్డానికి ఒకేలా ఉంటుంది కాబట్టి చాలామంది ఇక్కడే మోసపోతారు. నేను మొదట కొన్న కేబుల్ అట్ట మీద యూఎస్‌బీ 3 అని రాసే ఉంది, టెస్ట్‌లో పెడితే కాదని తేలింది, వెనక్కి పంపించి ఇంకోటి తెప్పించుకోవాల్సి వచ్చింది. క్యాబినెట్ ముందున్న పోర్టు కాకుండా వెనక మదర్‌బోర్డు మీదున్న పోర్టులో నేరుగా పెట్టండి, మధ్యలో హబ్ వద్దు.

రెండోది ఓపెన్ఎక్స్ఆర్. సిమ్యులేటర్‌కీ హెడ్‌సెట్‌కీ మధ్య మాటలు నడిపే ప్రమాణం ఇది. ఆ ప్రమాణాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ని రన్‌టైమ్ అంటారు, ఒకేసారి ఒక్క రన్‌టైమ్ మాత్రమే యాక్టివ్‌గా ఉంటుంది. స్టీమ్ గేమ్ స్టోర్ వాళ్ల వీఆర్ సాఫ్ట్‌వేర్ స్టీమ్‌వీఆర్ ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసి ఉంటే అదే యాక్టివ్‌గా కూర్చుని ఉండొచ్చు, అప్పుడు మీ బొమ్మ సిమ్యులేటర్ నుంచి స్టీమ్‌వీఆర్‌కి, అక్కడి నుంచి మెటాకి, అక్కడి నుంచి హెడ్‌సెట్‌కి చుట్టూ తిరిగి వస్తుంది, దారిలో పవరంతా పోతుంది. మెటా లింక్ యాప్ సెట్టింగ్స్‌లో జనరల్ కింద మెటానే యాక్టివ్ ఓపెన్ఎక్స్ఆర్ రన్‌టైమ్‌గా పెట్టే బటన్ ఉంది, అది నొక్కండి. తర్వాత సిమ్యులేటర్ మూసి మళ్లీ తెరవండి. విమానంలోకి వెళ్లాక కంట్రోల్, ట్యాబ్ కలిపి నొక్కితే వీఆర్, సీటు సరిగ్గా లేకపోతే స్పేస్ బార్.

ఈ రెండూ అయ్యాకే ఫ్రేముల సంగతి. మీ మానిటర్ 1080పీ అయితే దాని మీద దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. క్వెస్ట్ 3లో ఒక్కో కంటికి 2064 ఇంటూ 2208, రెండు కళ్లకీ కలిపి 91 లక్షలు. లెన్సు వంపుని సరిచేయడానికి నిజానికి అంతకన్నా ఎక్కువే గీయాలి. మానిటర్ మీద అల్ట్రా నడిచింది కదా అని ఇక్కడా నడవాలనుకోవడం న్యాయం కాదు.

లింక్ యాప్‌లో రిఫ్రెష్ రేటు 72 హెర్ట్జ్ పెట్టండి, 90 వద్దు, 120 జోలికి అసలు పోవద్దు. 72లో సిమ్యులేటర్ సెకనుకు కనీసం 36 ఫ్రేములు తడబడకుండా ఇవ్వగలిగితే మధ్య ఫ్రేముల్ని మెటా సాఫ్ట్‌వేర్‌లోని ఏఎస్‌డబ్ల్యూ అనే సదుపాయం కల్పించి పూరిస్తుంది. ప్రొపెల్లర్ చుట్టూ గాలి అల్లాడినట్టు కాస్త కనిపిస్తుంది, అది దాని లక్షణం, మీ పీసీ తప్పు కాదు. ఒక క్షణం 55, మరుక్షణం 30 అంటూ ఎగిరే ఫ్రేముల కన్నా గీత గీసినట్టు నిలబడే 36 వెయ్యి రెట్లు నయం, ఇది నేను గట్టిగా నమ్ముతాను.

సిమ్యులేటర్‌లో వీఆర్‌కి విడిగా గ్రాఫిక్స్ ట్యాబ్ ఉంది, మానిటర్ సెట్టింగులు అలాగే ఉంచుకోవచ్చు. మేఘాలు మీడియం, టెర్రెయిన్ ఎల్ఓడీ (నేల ఎంత వివరంగా కనిపించాలన్నది) 100, నీడలు మీడియం, ట్రాఫిక్ ఆఫ్, డీఎల్ఎస్ఎస్ (తక్కువ పిక్సెళ్లతో గీసి పెద్దది చేసే పద్ధతి) క్వాలిటీ. ఇక్కడి నుంచి ఒక్కోటీ పెంచుకుంటూ పోండి, ఒకేసారి మూడు మార్చొద్దు. డెవలపర్ మోడ్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) పెట్టె తెరిస్తే ఆపుతున్నది జీపీయూనా (గ్రాఫిక్స్ కార్డా) మెయిన్ థ్రెడ్డా అన్నది అక్కడే రాసి ఉంటుంది. మెయిన్ థ్రెడ్ అంటే ప్రాసెసర్ మీద భారం, అప్పుడు రిజల్యూషన్ తగ్గించి లాభం లేదు, ఎల్ఓడీలూ ట్రాఫిక్కూ తగ్గించాలి.

అంకెల మసక ఇంకా మిగిలితే లింక్ యాప్‌తో పాటే వచ్చే ఓక్యులస్ డీబగ్ టూల్‌లో ఎన్‌కోడ్ బిట్‌రేట్ 300 చేసి చూడండి, బాగుంటే 400. బొమ్మ మళ్లీ తడబడిన చోట ఒక మెట్టు వెనక్కి రండి.

ప్రశ్న (హైదరాబాద్, మియాపూర్): కేబుల్ మెడకు చుట్టుకుంటోంది. వైఫై మీద ఆడితే ఐదు నిమిషాలకోసారి బొమ్మ ముక్కలవుతోంది. మా ఇంటర్నెట్ 200 ఎంబీపీఎస్. ప్లాన్ పెంచుకోవాలా?

జవాబు: వద్దు, ఆ డబ్బు మిగుల్చుకోండి. బొమ్మ మీ పీసీ నుంచి మీ రూటర్‌కి, రూటర్ నుంచి హెడ్‌సెట్‌కి వెళ్తుంది, ఇల్లు దాటి బయటికే పోదు. ఇంటర్నెట్ ప్లాన్‌కీ దీనికీ సంబంధం లేదు (సిమ్యులేటర్ నేల బొమ్మలు దించుకోవడానికి ఇంటర్నెట్ కావాలి, దానికి మీ 200 చాలా ఎక్కువ).

పీసీ కూడా వైఫై మీదే ఉందా? ఉంటే మీ కష్టమంతా అక్కడే. ఒకే గాలిలో బొమ్మ రెండుసార్లు ప్రయాణించాల్సి వస్తోంది. పీసీని రూటర్‌కి ల్యాన్ కేబుల్‌తో కలపండి, రెండు వైపులా గిగాబిట్ పోర్టు ఉండాలి. మరి రూటర్ హాల్లో, మీరు బెడ్‌రూమ్‌లో ఉంటే మధ్యనున్న గోడ 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని తినేస్తుంది. అపార్ట్‌మెంట్లలో పక్క ఫ్లాట్ల వైఫైలన్నీ అదే ఛానెల్ మీద కూర్చుని ఉంటాయి కూడా. నా సలహా ఏంటంటే హెడ్‌సెట్ కోసమే ఒక వైఫై 6 రూటర్ కొని, మీరు కూర్చునే గదిలోనే పెట్టి, ఛానెల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ చేసి, దానికి ఇంకే ఫోనూ టీవీ తగిలించకుండా ఉంచండి. 36వ ఛానెల్ గానీ 149 గానీ ప్రయత్నించి ఏది ఖాళీగా ఉంటే అది వాడండి.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, బొమ్మని వైఫై మీద పంపే మెటా ఎయిర్ లింక్ ఉచితం. అదే పని చేసే వర్చువల్ డెస్క్‌టాప్ యాప్‌కి డబ్బు పెట్టాలి, అయినా సిమ్యులేటర్లకి నేను దాన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే దానికి వీడీఎక్స్ఆర్ అనే సొంత ఓపెన్ఎక్స్ఆర్ రన్‌టైమ్ ఉంది, స్టీమ్‌వీఆర్ మధ్యలో రాదు. కొనేటప్పుడు హెడ్‌సెట్‌లోని స్టోర్‌లో కొనండి, పీసీలో స్ట్రీమర్ యాప్ ఉచితంగా దించుకోండి. స్టీమ్‌లో అదే పేరుతో ఉన్నది వేరే, పొరపాటున అది కొని ఉత్తరం రాసినవాళ్లు ఇద్దరున్నారు. మీది క్వెస్ట్ 3, ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ కార్డు అయితే కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి) ఏవీ1 పెట్టుకోండి. క్వెస్ట్ 2 అయితే హెచ్ఈవీసీ.

ప్రశ్న (వరంగల్): నాది ల్యాప్‌టాప్, ఆర్‌టీఎక్స్ 3060, 6 జీబీ. సెకండ్ హ్యాండ్‌లో క్వెస్ట్ 2 వస్తోంది. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవచ్చు, కానీ మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. గ్రాఫిక్స్ కార్డు మెమరీ (వీ-ర్యామ్) 6 జీబీయే కాబట్టి పెద్ద ఎయిర్‌పోర్టుల దగ్గర నిండిపోతుంది, నిండిన క్షణం నుంచి కుదుపులే. చిన్న ఊళ్లు, చిన్న విమానాలు, తక్కువ (లో) లేదా మీడియం సెట్టింగులతో బాగానే ఎగరొచ్చు. ల్యాప్‌టాప్‌ని ఛార్జర్ మీదే ఉంచండి, విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో సిమ్యులేటర్‌కి హై పెర్ఫార్మెన్స్ అని ఇవ్వండి, లేకపోతే ప్రాసెసర్‌లో ఉన్న చిన్న గ్రాఫిక్స్ మీద నడిచే ప్రమాదం ఉంది. క్వెస్ట్ 2లో లెన్సుల మధ్య దూరానికి మూడే స్థానాలు ఉన్నాయి, 58, 63, 68 మిల్లీమీటర్లు. కళ్ల డాక్టరు దగ్గర మీ ఐపీడీ (రెండు కంటిపాపల మధ్య దూరం) కొలిపించుకుని, అది ఈ మూడింటిలో ఒకదానికి దగ్గరగా ఉంటేనే కొనండి.

ప్రశ్న (విశాఖపట్నం): పదిహేను నిమిషాలకే కడుపులో తిప్పుతోంది. ఒకరోజు వాంతి కూడా అయింది. ఓర్చుకుంటే అలవాటవుతుందని అంటున్నారు, నిజమేనా?

జవాబు: అలవాటవుతుంది, కానీ ఓర్చుకుంటే కాదు. కళ్లు విమానం మలుపు తిరుగుతోందని చెబుతుంటే లోపలి చెవి మాత్రం కుర్చీలో కదలకుండా ఉన్నాం అంటుంది, ఆ తగువే మీ కడుపులో తిప్పడం. తిప్పుతున్నా పళ్లు బిగించుకుని కొనసాగిస్తే మెదడు హెడ్‌సెట్‌ని చూడగానే టెన్షన్ పడటం నేర్చుకుంటుంది, కొందరికి హెడ్‌సెట్ వాసన తగిలినా తిప్పుతుంది. మొదటి లక్షణం, అంటే నోట్లో నీళ్లూరడమో నుదుటి మీద చెమటో, కనిపించగానే తీసేయండి, ఆ రోజుకి మళ్లీ పెట్టుకోవద్దు. పది నిమిషాలతో మొదలుపెట్టి రోజూ రెండు మూడు నిమిషాలు పెంచండి.

విమానాన్ని నేల మీద నడిపిస్తూ (ట్యాక్సీ చేస్తూ) మలుపులు తిరగడం గాల్లో ఉండటం కన్నా ఎక్కువ తిప్పుతుంది, అందుకే కొన్నాళ్లు నేరుగా రన్‌వే మీదే మొదలుపెట్టండి. బయటి కెమెరా వద్దు, కాక్‌పిట్‌లోనే ఉండండి, చూపు దూరంగా దిగ్మండలం మీద పెట్టండి. ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టుకోండి, ముఖానికి గాలి తగిలితే చాలామందికి తేడా తెలుస్తుంది. అల్లం మురబ్బా బుగ్గన పెట్టుకున్నా కొందరికి ఊరటగా ఉంటుంది. నిండు కడుపుతో వద్దు. తీసేసిన వెంటనే బండి నడపొద్దు. ఇంకొకటి, పైన విజయవాడ పాఠకుడికి చెప్పిన ఫ్రేముల సంగతి మీరు కూడా సరిచూసుకోండి. తడబడే బొమ్మతో తిప్పని మనిషి ఉండడు.

ప్రశ్న (కాకినాడ): హెడ్‌సెట్ పెట్టుకున్నాక కీబోర్డు కనిపించట్లేదు. జాయ్‌స్టిక్ మీద బటన్లు పన్నెండే ఉన్నాయి. ఎలా?

జవాబు: పన్నెండు బటన్లు చాలు, ఏవి పెట్టుకోవాలన్నదే ముఖ్యం. సీటు సరిచేసే బటన్, వీఆర్ ఆన్ ఆఫ్, బ్రేకులు, ట్రిమ్ (విమానం ముక్కుని ఒకే ఎత్తులో నిలిపేది) పైకీ కిందకీ, ఫ్లాప్స్ (రెక్కల వెనక రేకులు), గేర్ (చక్రాలు), పాజ్. వీటిని కళ్లు మూసుకుని వేలితో పట్టుకునేలా సాధన చేయండి. కాక్‌పిట్‌లోని స్విచ్చులన్నీ మౌస్‌తో నొక్కొచ్చు, మౌస్ కుడిచేతికి ఎప్పుడూ ఒకే చోట ఉండాలి. క్వెస్ట్ 3లో హెడ్‌సెట్ పక్కన రెండుసార్లు తడితే బయటి గది కనిపిస్తుంది, కాఫీ కప్పు వెతుక్కోవడానికి అది చాలు. కీబోర్డు మీద ఎఫ్, జే మీటల మీదుండే చిన్న గీతలు వేలికి దారి చూపిస్తాయి, అదనంగా మీకు కావాల్సిన మీట మీద చిన్న స్టిక్కర్ ముక్క అంటించుకోండి.

ప్రశ్న (అనంతపురం): నాకు మైనస్ 3 సైట్ ఉంది. అద్దాలు తీసేసి పెట్టుకోవచ్చా? పైగా మాకు ఎండలు ఎక్కువ.

జవాబు: తెర కంటికి దగ్గరగా ఉంది కదా అనుకోకండి, లెన్సులు ఆ బొమ్మని మీటరు పైచిలుకు దూరంలో నిలబెడతాయి. మీ దూరపు చూపు అద్దాలు కావాల్సిందే. క్వెస్ట్ 3లో ముఖానికి తగిలే భాగాన్ని ముందుకు జరుపుకునే వీలుంది. అయినా అద్దాలు లెన్సుకి రాసుకుంటే గీతలు పడి రెండూ పాడవుతాయి, రోజూ ఎగిరేవాళ్లు మీ పవర్‌తో తయారయ్యే, హెడ్‌సెట్ లోపల అమర్చే ఇన్‌సర్ట్ లెన్సులు చేయించుకోవడం మంచిది.

ఎండ విషయం మాత్రం చాలా గట్టిగా చెప్పాలి. లెన్సులు కిటికీ వైపు తిరిగి ఉండగా హెడ్‌సెట్‌ని బల్ల మీద వదిలేస్తే, భూతద్దంతో కాగితం కాల్చినట్టు ఎండ లోపలి తెరని కాల్చేస్తుంది. కొన్ని నిమిషాలు చాలు, ఆ మచ్చ మళ్లీ పోదు. వాడిన వెంటనే కవర్ వేయండి. చెమటకి కడుక్కోవడానికి వీలయ్యే సిలికాన్ కవర్ తెచ్చుకోండి.

ప్రశ్న (ఏలూరు): మా ఎనిమిదేళ్ల బాబు ఒకటే గొడవ చేస్తున్నాడు, ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వొద్దు. పదేళ్లు నిండితేనే, అదీ తల్లిదండ్రుల అకౌంట్ కింద, అని మెటా నిబంధనే ఉంది. బాబుకి మానిటర్ మీద జాయ్‌స్టిక్ ఇచ్చి పక్కన కూర్చోండి.

ప్రశ్న (రాజమండ్రి): అన్నీ కుదిరాయి. మొదట ఎక్కడ ఎగరమంటారు?

జవాబు: మీ ఊళ్లోనే! మధురపూడి రన్‌వే మీద సెస్నా 172 అనే చిన్న విమానం పెట్టుకోండి, పొద్దున్న ఏడింటి వెలుగు, గాలి లేకుండా. రెండు వేల అడుగులకి ఎక్కి గోదావరి పట్టుకుని దిగువకి వెళ్లండి, వంతెనల మీదుగా ధవళేశ్వరం దాకా. అక్కడ నది చీలిపోవడం తల వంచి కిటికీలోంచి చూస్తే మానిటర్ మీద ఎప్పుడూ తెలియని లోతు తెలుస్తుంది. ఎగువన పోలవరం దాటి పాపికొండల మధ్య ఎగరాలని మీకు వెంటనే అనిపిస్తుంది, కానీ అక్కడ కొండలు రెండు పక్కలా దగ్గరికొస్తాయి, మలుపులు ఎక్కువ. మొదటి రోజుకి ధవళేశ్వరం చాలు, పాపికొండలు రెండో వారానికి ఉంచుకోండి.