ఫ్యాక్టరీ ఆడిట్ ఉద్యోగమా, బీఈడీనా?

మక్తల్ దగ్గరి పల్లె నుంచి బీకాం ఫైనలియర్ అమ్మాయి రాసింది. వాళ్లమ్మ హైదరాబాద్‌లో ఓ గార్మెంట్ కంపెనీలో టైలర్. ఎక్స్‌పోర్ట్ ఫ్యాక్టరీల్లో కార్మికుల హక్కులు చూసే ‘కంప్లయన్స్’ ఉద్యోగం తనకు కావాలట, నాన్నేమో బీఈడీ చెయ్యమంటున్నాడట.

బిడ్డా, ఆ ఉద్యోగాలు ఉన్నాయి, కానీ అదేం పనో తెలుసుకుని దిగు. విదేశీ బ్రాండ్లు తమ బట్టలు కుట్టే చోటికి ఆడిటర్లను పంపిస్తాయి. వాళ్లొచ్చి హాజరు, ఓవర్‌టైమ్ (ఓటీ) రిజిస్టర్లు, పీఎఫ్ చలాన్లు తిరగేసి, ఓ పది మందిని పిలిచి అడిగితే ముందురోజు నేర్పిన జవాబే వస్తుంది: "అంతా మంచిగుంది సార్". నేనొకసారి ఒక ఫ్యాక్టరీకి పోతే ఫిర్యాదుల పెట్టె సరిగ్గా మేనేజర్ గది తలుపు పక్కనే ఉంది, పైన సీసీ కెమెరా, తాళం తుప్పుపట్టింది. రిజిస్టర్‌లో ‘ఫిర్యాదులు లేవు’. అన్నం డబ్బాలు విప్పే వేళకు ఆడవాళ్ల పక్కన కూర్చుంటే తెలిసింది, బాత్‌రూంకి లేస్తే టార్గెట్ పోతుందని పొద్దంతా నీళ్లే తాగట్లేదని.

2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర గార్మెంట్ ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. పగుళ్లు ముందురోజే కనబడ్డాయి, లోపలికి పోము అన్నవాళ్లను జీతం కోస్తామని బెదిరించి పంపారు. అందులో కొన్ని ఫ్యాక్టరీలకు ఆడిట్లు కూడా అయ్యాయి మరి! ఆ తర్వాతే బ్రాండ్లు యూనియన్లతో ఫ్యాక్టరీ భవనాల భద్రత కోసం ‘అకార్డ్’ ఒప్పందం మీద సంతకం పెట్టాయి, ప్రమాదం అనిపిస్తే పని చెయ్యనని చెప్పే హక్కు అందులో ఉంది. మన పక్కన తమిళనాడులో 2022లో ఓ బట్టల కంపెనీ, యూనియన్ చేసుకున్న దిండిగల్ ఒప్పందం ఇంకో అడుగు వేసింది, వేధింపులను కనిపెట్టడానికి కుట్టేవాళ్లలోంచే కొందరికి శిక్షణ ఇచ్చి లైన్లలో పెట్టారు.

అందుకే నా ఓటు ఎల్‌ఎల్‌బీకి. లాసెట్ రాయి, మూడేళ్లు. కార్మిక చట్టం చేతిలో ఉంటే రేపు బ్రాండ్ వైపైనా యూనియన్ వైపైనా పని చెయ్యొచ్చు. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) కూడా పనికొస్తుంది. మీ నాన్నను మాత్రం తప్పుపట్టను. పాలమూరు లేబర్ అని ఊళ్లకు ఊళ్లు వలసపోయిన జిల్లా మనది, సర్కారు కొలువంటేనే ఆయనకు ధైర్యం. లాసెట్‌తో పాటు ఎడ్‌సెట్ కూడా రాస్తానని చెప్పు, టెన్షన్ కాస్త తగ్గుతుంది.

ఈ ఆదివారం అమ్మ జీతం స్లిప్పు ముందేసుకుని కూర్చో. ఓటీ డబుల్ రేటు పడిందా, పీఎఫ్ ఎంత కోశారు, ఈఎస్‌ఐ ముప్పావు శాతమేనా చూడు. లెక్క ఎక్కడ కుదరలేదో, అడిగితే సూపర్‌వైజర్ ఏమంటాడో అమ్మనే అడిగి నాకు రాయి.