గెడ ఎన్నిసార్లు దింపావు?

చిరంజీవి అమ్మాయికి,

అమలాపురం నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ ఒక ఫంక్షన్ (గణిత సూత్రం) విలువ అన్నిటికన్నా తక్కువయ్యే చోటుని కంప్యూటర్‌తో వెతికే రెండు పద్ధతుల్ని పోల్చి, "సిమ్యులేటెడ్ ఎనీలింగ్ కన్నా డిఫరెన్షియల్ ఎవల్యూషన్ మేలు" అని ఒక్క ముక్కలో తేల్చేశావే, అక్కడ ఆగిపోయాను. ఎన్నిసార్లు నడిపితే అలా తేలింది? ఆ అంకె ఎక్కడా లేదు.

కోటిపల్లి రేవులో పడవ వాళ్లని చూసే ఉంటావు. ఎర్రనీళ్లలో అడుగు కనపడదు. గెడ దింపి, ఎంతవరకు తడిసిందో చూసి లోతు చెబుతారు. అన్నిటికన్నా లోతైన చోటు వెతికే మన పనీ అంతే. ఒక బిందువు దగ్గర ఫంక్షన్ విలువ కట్టడమంటే ఒకసారి గెడ దింపడం. అందుకే ఖర్చుని సెకన్లలో రాయకు, గెడ ఎన్నిసార్లు దిగిందో రాయి. నీ లాప్‌టాప్ వేగంతో పాఠకుడికి పనిలేదు.

ఇవి పాచికలు వేసుకుంటూ నడిచే పద్ధతులు. ఒక్క రన్ (మొదటి నుంచి చివరిదాకా ఒకసారి నడపడం) చూసి ఏమీ చెప్పలేం. మొదట్లో నేనూ ముప్పై రన్నుల్లో బాగా వచ్చినదొక్కటే అచ్చు వేయించాను. "మిగతా ఇరవై తొమ్మిదీ ఏమయ్యాయండీ?" అని ఒక పాఠకుడు కార్డు రాశాడు. ఆ కార్డు ఇప్పటికీ దాచుకున్నాను.

ఒక లెక్క వేసి చూడు. ఒక పద్ధతి పది రన్నులకి ఒకసారే అసలైన లోతుని పట్టుకుంటుందనుకో. కనీసం ఒక్కసారైనా దొరుకుతుందని 99 శాతం నమ్మకం కావాలంటే 44 రన్నులు కావాలి. రెండో పద్ధతి సగంసార్లు పట్టుకుంటుంది, దానికి 7 చాలు. మొదటిదానికి రన్నుకయ్యే ఖర్చు ఐదో వంతే అయినా, మొత్తం మీద రెండోదే చవక! ఓడిన రన్నులు దాచేస్తే ఈ లెక్క వేయడానికే వీలుండదు.

ఇంకోటి. పద్ధతుల్ని పరీక్షించడానికి నువ్వు వాడిన రాస్ట్రిజిన్ ఫంక్షన్‌కి రెండు కొలతల్లో (x, y), మామూలుగా తీసుకునే మైనస్ 5.12 నుంచి 5.12 హద్దుల్లో, 121 గుంటలుంటాయి. అన్నిటికన్నా లోతైనది సరిగ్గా నడిమధ్యన. ఊరికే మధ్యకి జారే పద్ధతి కూడా అక్కడ గెలిచేస్తుంది. ఆ గుంటని పక్కకి జరిపి మళ్లీ నడిపించు.

అన్ని సమస్యల మీదా సగటు తీస్తే ఏ పద్ధతీ ఇంకోదానికన్నా మేలు కాదని వోల్పర్ట్, మెక్‌రెడీ అనే పరిశోధకులు 1997లోనే నిరూపించారు. కాబట్టి "మేలు" అన్నప్పుడల్లా దేనికి మేలో పక్కనే రాయాలి.

ముప్పై రన్నుల అంకెలూ, ఓడినవాటితో సహా, కాగితం మీద రాసి పంపు. అవి చూశాక వ్యాసం సంగతి మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మాస్టారు