సెల్ఫ్ అర్థం కాలేదని సాఫ్ట్‌వేర్ వదిలేయాలా?

ప్రశ్న: సార్, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫంక్షన్ల దాకా బాగానే వచ్చింది. అందులో క్లాస్ అనే పాఠం మొదలైన దగ్గర్నుంచి ఏమీ ఎక్కడం లేదు, ముఖ్యంగా అందులో వచ్చే సెల్ఫ్ అనే మాట. నిర్వచనాలు అప్పజెప్పగలను కానీ ఖాళీ ఫైల్ తెరిస్తే ఒక్క క్లాస్ కూడా రాయలేకపోతున్నాను. వేరే లైన్ చూసుకోమంటారా?

జవాబు: వద్దు, ఇంత తొందరగా ఆ నిర్ణయానికి రాకు. ఫంక్షన్ రాయడం వచ్చిందంటే మెథడ్ చాలావరకు వచ్చినట్టే, ఎందుకంటే ఫంక్షన్ అంటే ఒక పని చేసే కోడ్‌కు పేరు పెట్టి పిలుచుకోవడం, మెథడ్ అంటే క్లాస్ లోపల రాసిన ఫంక్షనే. క్లాస్ అవసరం ఏమిటో తెలియకముందే దాని నిర్వచనం నీ చేతికి వచ్చింది, నీ ఇబ్బందంతా అక్కడే ఉంది.

అందుకే ముందు క్లాస్ లేకుండా ఒక లైబ్రరీ ప్రోగ్రామ్ రాయి. సభ్యుల పేర్లు ఒక లిస్టులో, వాళ్లు తీసుకున్న పుస్తకాలు ఇంకో లిస్టులో, జరిమానాలు మూడో లిస్టులో పెట్టు. ఇప్పుడు మధ్యలోంచి ఒక సభ్యుణ్ని తీసేసి చూడు. మూడు లిస్టుల్లోనూ తీయాలి, ఒక్కచోట మర్చిపోయావంటే ఒకరి జరిమానా ఇంకొకరి నెత్తిన పడుతుంది. ఆ చిరాకు నువ్వు స్వయంగా పడాలి. ఒక మనిషికి సంబంధించినవన్నీ ఒకేచోట ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది చూడు, ఆ ఒకేచోటే ఆబ్జెక్ట్, అలాంటివి ఎన్నైనా తయారుచేసుకునే అచ్చు క్లాస్. 1960ల్లో నార్వేలో డాల్, నైగార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సిములా అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేసింది కూడా బయట జరిగే పనులను కంప్యూటర్‌లో అనుకరించడానికే, క్లాస్, ఆబ్జెక్ట్ అనేవి 1967 నాటి సిములాతోనే వచ్చాయి.

ఇక అందరినీ ఆపేసే సెల్ఫ్ సంగతి, అంటే మెథడ్ బ్రాకెట్లలో మొదట రాసే ఆ మాట. మెంబర్ అనే క్లాస్‌తో ఎమ్1 అనే సభ్యుణ్ని తయారుచేశావనుకో, బారో అనేది పుస్తకం తీసుకునే మెథడ్ అనుకో. ఎమ్1.బారో(పుస్తకం) అని నువ్వు రాస్తే, పైథాన్ దాన్ని మెంబర్.బారో(ఎమ్1, పుస్తకం) అన్నట్టుగా నడిపిస్తుంది. చుక్కకు ముందున్న ఆబ్జెక్టే లోపలికి వెళ్లి సెల్ఫ్ అవుతుంది, అంతే. బ్రాకెట్లు ఖాళీగా పెట్టి ఒక మెథడ్ రాసి, దాన్ని ఆబ్జెక్ట్ మీద పిలిచి చూడు. నువ్వు ఏమీ పంపకపోయినా, తీసుకోవాల్సింది సున్నా, వచ్చింది ఒకటి అని ఎర్రర్ వస్తుంది. ఆ ఒకటి ఎక్కడి నుంచి వచ్చిందో నువ్వు ఎవరికైనా చెప్పగలిగితే నీకు సెల్ఫ్ వచ్చేసినట్టే.

ఇంకో తప్పు కావాలని చేసి చూడు. పుస్తకాల లిస్టును, ఆబ్జెక్ట్ తయారవగానే దానంతటదే నడిచే ఇనిట్ మెథడ్ లోపల కాకుండా నేరుగా క్లాస్ కింద పెట్టి, మొదటి సభ్యుడికి ఒక పుస్తకం జతచేసి, రెండో సభ్యుడి లిస్టు ప్రింట్ చెయ్యి. అదే పుస్తకం అక్కడా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ లిస్టు క్లాస్‌ది, ఇద్దరికీ కలిపి ఉన్నది ఒక్కటే. క్లాస్‌కు చెందినదేమిటి, ఆబ్జెక్ట్‌కు చెందినదేమిటి అన్న తేడా ఇలా దెబ్బ తింటేనే మనసులో నిలుస్తుందని నా నమ్మకం, ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగినా అప్పటికప్పుడు గీసి చూపించగలవు.

క్లాస్‌ల తర్వాత వచ్చే ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం పాఠాలు ప్రస్తుతానికి పక్కన పెట్టు. పక్కవాళ్లు ముందుకెళ్లిపోతున్నారని టెన్షన్ పడకు. రెండు వారాలు రోజుకో గంట ఈ ఒక్క ప్రోగ్రామ్‌తోనే కూర్చో, ముందు లిస్టులతో, తర్వాత క్లాస్‌తో. అప్పటికీ ఎక్కకపోతే రెండు ఫైళ్లూ నాకు పంపు, ఏ లైన్ దగ్గర ఆగిపోయావో చూసి అప్పుడు వేరే దారి గురించి మాట్లాడుకుందాం.